బోథ్‌లో ఆటోఫోకస్ పరీక్ష

అడవి జంతువులను ఫొటో తీయడానికి ఏ కెమెరా పనికొస్తుందో తేల్చే మహత్తర పరీక్ష బోథ్ దగ్గర పత్తి ఏరేసిన ఒక చేనులో దిగ్విజయంగా జరిగింది. ముందస్తు సమాచారం అందనందువల్ల జంతువులు హాజరు కాలేదు. ఆ ఒక్క లోటు తప్ప షామియానా, మైకు, శాలువాలు, మటన్ భోజనం అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయి.

పరీక్ష పెట్టింది కరీంనగర్‌కు చెందిన వన్యప్రాణి ఛాయాచిత్ర ప్రోత్సాహక సంఘం. అధ్యక్షులు హనుమండ్లు గారిది గ్రానైటు వ్యాపారం. ఎలుగుబంట్లు కాపురముండే గుట్టలను పాతికేళ్లుగా పలకలు పలకలుగా కోయించిన పెద్దమనిషి. ఇల్లు పోయిన ప్రాణులకు కనీసం ఫొటోలైనా మిగలాలన్నది ఆయన తపన. అంత మనసు అందరికీ ఉండదు.

పరీక్షించవలసింది లక్సెట్టిపేట నవత. పదేళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తోంది. వీలు దొరికితే గోదావరి ఒడ్డున కూర్చుని కొంగలను తీయడం ఆమె పిచ్చి. పోటీలో ఉన్న రెండు కెమెరాల్లో నెగ్గినదాన్ని ఆమె చేతికే ఇచ్చి ఆరు నెలలు అడవికి పంపుతామని సంఘం మాట ఇచ్చింది. ఆ మాట నమ్మి ఆమె మాఘమాసం ముహూర్తాలన్నీ వదులుకుంది. ఆమెకు ఆ అడవి అంత ముఖ్యం.

ఆటోఫోకస్ అంటే తెలియనివారికి ఒక్క ముక్క. ఉరికే ప్రాణి కంటిని కెమెరా తనంతట తానే పట్టుకుని, అది ఎటు పోతే అటు చూపు తిప్పుతూ వదలకుండా ఉండటం. కాబట్టి పరీక్షకు ఎదుట ఏదో ఒకటి కదలాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదట కబడ్డీ ఆటగాళ్లను దింపారు. కూతకు వచ్చినవాడు మెరుపులా దూసుకొచ్చి, నవత కెమెరా ఎత్తగానే కూత ఆపి, జుట్టు సవరించుకుని నిలబడ్డాడు. అతని కాళ్లు పట్టుకున్న ముగ్గురూ పట్టు వదలకుండానే కెమెరా వైపు ముఖాలు తిప్పారు. ఆగొద్దని ఆమె బతిమాలితే, "ఉరికితె ఫొటో కరాబైతది గద మేడం" అని ఆమెకే వృత్తి ధర్మం బోధించారు. పోనీ మేకలైనా కదులుతాయనుకుంటే, కాపరి రాయమల్లు వాటిని అదిలించి వరుసలో పెట్టి, మధ్యలో తాను చేతులు కట్టుకుని నిలుచున్నాడు. నవత ఎవరినీ తప్పుపట్టలేకపోయింది. పుస్తె కట్టే చేతులను ప్రతి ముడి దగ్గరా ఆపి, "జర గట్లనే ఉండున్రి" అంటూ ఈ జనానికి ఇన్నేళ్లుగా శిక్షణ ఇచ్చింది ఆమె, ఆమె తోటివాళ్లే కదా.

సంఘం కార్యదర్శి శ్రీహరి రెండు కెమెరాలకూ నూటికి నూరు వేశాడు. కదలనివాటిని పట్టుకోవడంలో రెండూ అద్వితీయమని రిజిస్టరులో రాశాడు.

అంతలో పిలవని పేరంటంలా ఒక మనుబోతు, అదే నీల్‌గాయి, అడవిలోంచి చేనులోకి దూకింది. కెమెరాను చూసి కూడా ఆగని ప్రాణి ఆ రోజుకు అదొక్కటే. నవత మొదటి కెమెరాతో కొన్ని, రెండోదానితో కొన్ని గబగబా తీసింది. ఆమె కెమెరా ఎత్తడం చూసిన హనుమండ్లు గారు విస్తరి ముందు నుంచి లేచి పరుగెత్తుకొచ్చి, మనుబోతుకు అడ్డంగా ఫొటోలోకి ప్రవేశించారు. పరుగులో మనుబోతు ఆయన కాలి గోటికి సరిపోదు.

మొదటి కెమెరా మనుబోతును చక్కగానే పట్టుకుంది. అధ్యక్షులవారి ముఖం కనబడగానే దాన్ని వదిలేసి ఆయనకు అతుక్కుపోయింది. మీసానికి అంటిన బగారన్నం మెతుకు సైతం స్పష్టంగా వచ్చింది. రెండో కెమెరా మొండిది. ఎవరొచ్చినా మనుబోతు కంటిని వదల్లేదు. కనురెప్ప మీది దుమ్ము లెక్కపెట్టవచ్చు, అధ్యక్షులవారు మాత్రం తెల్లని పొగలా ఉన్నారు. అది చూసి నవత సంతోషం పట్టలేకపోయింది. తన జన్మలో అంత మంచి ఫొటో తీయలేదు.

రెండోదే కొనాలని, మొదటిది పెద్ద ముఖం ఎదురైతే పట్టుకున్నదాన్ని వదిలేస్తుందని ఆమె దాపరికం లేకుండా నివేదిక రాసిచ్చింది. దాన్ని మైకులో చదివించి అధ్యక్షులవారు ప్రసంగించారు.

"మొదటి కెమెరాకు సంస్కారమున్నది. ఎవల మొకం జూడాల్నో దానికి ఎరికె. రెండోదానికి పెద్ద మనిషి కండ్లకే ఆనడు. గసొంటిదాన్ని అడవిల తిప్పితె రేపు మన మాట ఇంటదా?"

చప్పట్లు మోగాయి. మొదటి కెమెరా ఖాయమైంది. అంత సంస్కారం గల కెమెరాను అడవిలో పాడుచేయడం భావ్యం కాదు గనుక, నవతను సంఘం ప్రారంభోత్సవాలకు అధికార ఫొటోగ్రాఫరుగా నియమించి, శాలువా కప్పి, అందరూ కలిసి ఫొటో దిగారు.

మర్నాడు ఇంట్లో నవత మండిపడుతూ రాజీనామా రాయడానికి కూర్చుంది. ఇక్కడి మనుషులకు అడవీ జంతువూ కనబడవని, ఏ ఫొటో చేతికొచ్చినా ముందు తమ ముఖమే వెతుక్కుంటారని ఘాటుగా రాస్తుండగా, తల్లి శంకరవ్వ పేపరు పట్టుకొచ్చింది. జిల్లా పేజీలో నిన్నటి గ్రూపు ఫొటో పెద్దదిగా వేశారు.

"సగమే వడ్డవ్ బిడ్డా" అంది శంకరవ్వ దిగులుగా.

నవత పెన్ను పడేసి పేపరు లాక్కుంది. శ్రీహరి భుజం వెనక తన ముఖం వెతికి పట్టుకుంది. సగమే అయినా నవ్వు బాగానే వచ్చిందని, చెవి కమ్మ కూడా కనబడుతోందని తల్లికి నచ్చజెప్పింది. ఇంకాసేపు అదే చూసింది.

"మరి గా కింద ఉన్న గొడ్డు ఎవలదే?" అని శంకరవ్వ అడిగింది.

అప్పుడు చూసింది నవత. గ్రూపు ఫొటో కింద, అగ్గిపెట్టెంత జాగాలో, ఆమె తీసిన మనుబోతు. కింద ఆమె పేరు కూడా వేశారు.

రాజీనామా ఉత్తరంలో ఆ ఘాటు వాక్యాన్ని ఆమె కొట్టేసింది. మీ పదో తరగతి గ్రూపు ఫొటోలో మీ పక్కన నిలబడ్డదెవరో తడుముకోకుండా చెప్పగల పాఠకులు ఆమెను చూసి నిరభ్యంతరంగా నవ్వవచ్చు.