ఉప్పు ఎక్కడిదని అడగకూడదు

ఒక పెద్ద అడవిలో, ఏనుగులు నీళ్లకు దిగే దారికి కాస్త ఎగువన, పూలపొదల మధ్య సీతాకోకచిలుకల పేట ఒకటి ఉండేది. దాని పేరు మకరంద నగర్. అక్కడ ఉండేవాళ్లంతా పెద్దవాళ్లు. ఆ సంగతి అడవికి ఎలా తెలిసిందంటే, వాళ్లే చెప్పారు.

దారికి దిగువన ఎర్రమట్టి నేలలో పేడపురుగుల వాడ. ఏనుగుల లద్దె, అడవిదున్నల పేడ ఎక్కడ పడితే అక్కడికి పోయి, ఉండలు చుట్టి, వెనక కాళ్లతో నెట్టుకుంటూ తెచ్చి భూమిలో పూడ్చడం వాళ్ల పని. వాళ్లు వారం రోజులు పని మానేస్తే మకరంద నగర్‌లో ముక్కు మూసుకోకుండా ఎవరూ తిరగలేరు. అయినా పేడపురుగు ఎదురొస్తే ఆ నగర్ వాళ్లు మొహం తిప్పుకుని ఎగిరిపోయేవారు.

మకరంద నగర్ సంఘానికి అధ్యక్షుడు చిత్రాంబరం గారు. నల్లటి రెక్కల మీద పసుపు చారలు, సన్నటి నడుము, గంభీరమైన మాట. రోజూ పొద్దున్నే నందివర్ధనం పువ్వు మీద కూర్చుని, "మనం మకరందం తప్ప మరొకటి ముట్టం" అని ఒకసారి అనేవారు. వినడానికి ఎవరూ లేకపోయినా అనేవారు. ఆయన భార్య స్వర్ణమ్మ. ఒక్కగానొక్క కూతురు పరాగిణి.

వాళ్ల పెళ్లిళ్లలో ఒక ఆచారం ఉంది. పెళ్లికొడుకు పెళ్లికూతురికి చిటికెడు ఉప్పు కానుక ఇవ్వాలి. పూలలో తీపి ఉంటుంది గాని ఉప్పు ఉండదు. ఉప్పు లేకపోతే రెక్కలకి సత్తువ ఉండదు, గుడ్లు నిలవవు. అందుకని అది లేకుండా పెళ్లి జరగదు. ఆ ఉప్పు ఎక్కడిదని అడగడం మాత్రం మహా మర్యాద తక్కువ. తాతల నాటి నుంచీ ఎవరూ అడగలేదు.

ఒకనాడు మధ్యాహ్నం వాన వెలిశాక పరాగిణి దారి పక్కన రాయి మీద రెక్కలు ఆరబెట్టుకుంటోంది. వెనక నుంచి ఏదో వచ్చి ధన్‌మని రాయికి కొట్టుకుంది. చూస్తే తనకంటే పెద్ద పేడ ఉండ. దాని వెనక తలకిందులుగా ఒక కుర్ర పేడపురుగు. పేరు గుండన్న.

"అయ్యో, చూసుకోలేదండీ!" అన్నాడు.

"వెనక్కి నడుస్తూ ఎలా చూసుకుంటారు?"

"మా పనే అంతండీ. వచ్చిన దారి బాగా కనిపిస్తుంది. పోయే దారే కనపడదు."

అలా అంటూనే ఉండ మీదికెక్కి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు.

"ఇదేమిటి, నా కోసం నాట్యమా?" అంది పరాగిణి.

"కాదండీ, పొద్దు ఎటుందో చూసుకుని దారి సరిచేసుకుంటున్నా." ఆమె మొహం చిన్నబోవడం చూసి, "మీకు బాగుంటే ఇంకో రెండు చుట్లు తిరుగుతా" అన్నాడు.

పరాగిణి పగలబడి నవ్వింది. మకరంద నగర్‌లో ఆమెను పొగిడేవాళ్లే గాని నవ్వించేవాళ్లు లేరు. మర్నాడు మళ్లీ ఆ రాయి దగ్గరికే వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. నాలుగో రోజుకి గుండన్న ఇంటికి పోయే దారి మరిచిపోయి, ఉండను ఆ రాయి చుట్టూనే తిప్పుతూ కూర్చున్నాడు. పాపం, అతని తప్పేం లేదు. ప్రేమలో పడ్డవాడికి పొద్దు ఎటున్నా ఒకటే.

ముందు అడ్డు చెప్పింది గుండన్న తల్లి నల్లమ్మ.

"ఆ పిల్ల ఒక్క ఉండైనా నెట్టగలదంట్రా? గాలొస్తే ఎగిరిపోద్ది!"

"ఎగిరిపోతే నేను పట్టుకుంటాలేవే అమ్మా."

"వాళ్లు పని చేసే జాతి కాదురా. కూర్చుని మెరిసే జాతి."

ఇటు చిత్రాంబరం గారు కూతురికి నీలాంబరాన్ని చూసి, ఎనిమిదో రోజుకి ముహూర్తం పెట్టేశారు. నీలాంబరం రెక్కల మీద పదహారు చుక్కలు. ఆయన ఎక్కడ వాలినా వాటిలో ఏ చుక్క ఏ ముత్తాత నుంచి వచ్చిందో చెప్పేదాకా లేవడు.

"నాన్నా, మన ఆయుష్షే ఒక్క వానాకాలం. అందులో సగం ఆయన చుక్కల కథ వినడానికే పోతుంది. నేను గుండన్నను చేసుకుంటాను" అంది పరాగిణి.

చిత్రాంబరం గారు కూర్చున్న పువ్వు మీంచి జారి కింద పడ్డారు.

లేచి దులుపుకున్నాక ఆయనకి ఇంకో చిక్కు గుర్తొచ్చింది. ఈమధ్యే అడవి పెద్ద ఏనుగుగారు సభ పెట్టి, ప్రాణులన్నీ సమానమని ప్రకటించారు. దాన్ని బలపరుస్తూ అందరికంటే పొడవైన ఉపన్యాసం ఇచ్చింది చిత్రాంబరం గారే. ఇప్పుడు పేడపురుగని వద్దంటే పరువు పోతుంది. అవునంటే అంతకంటే పోతుంది. అందుకని పెద్దవాళ్లు అలాంటప్పుడు చేసే పనే చేశారు. సంఘం సమావేశం పెట్టారు.

సంఘం గుమస్తా తొండ తిప్పయ్య. ఎవరేం చెప్పినా తల ఆడించడం ఆయన అలవాటు. ఉద్యోగంలో ఉన్నంతకాలం సభ్యులను తినకూడదని ఆయన సర్వీసు నిబంధన. పాపం, అది ఆయనకి రోజూ కష్టంగానే ఉండేది.

"అబ్బాయిది ఏ కులం, ఏ వాడ అని మనం చూడం" అని మొదలుపెట్టారు చిత్రాంబరం గారు. "యోగ్యత చూస్తాం. ఐదు రోజుల్లో కొండ నుంచి వాగు దాకా పేడ అనేది కంటికి కనపడకూడదు. అంతా నేలలో పూడ్చి, బొరియ మూసి, దాని మీద సంఘం ముద్ర వేయాలి. ఎక్కడైనా ఒక్క ముద్ద కనిపించిందా, ఇతను వాగు దాటి వెళ్లిపోవాలి. మళ్లీ మా అమ్మాయిని చూడకూడదు. అభ్యంతరాలు ఉన్నాయా?"

ఇక్కడ ఒక గుట్టు విప్పక తప్పదు. ఆ ఉప్పు ఉండేది లద్దెలోనే.

మధ్యాహ్నం ఆడవాళ్లు కునుకు తీసే వేళ, మకరంద నగర్ పెద్దమనుషులు ఒక్కొక్కరే అటూ ఇటూ చూసి, ఏనుగుల దారికి దిగి, వెచ్చటి లద్దె మీద వాలి కడుపారా పీల్చుకునేవారు. చిత్రాంబరం గారికి ఇష్టమైన చోటు మద్దిచెట్టు మలుపు. నీలాంబరం ఆ రోజు కూడా అక్కడికే వెళ్లొచ్చాడు. ఒకరి సంగతి ఒకరికి తెలుసు. తెలుసన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

మరి లద్దె లేకుండా పోతుంటే అభ్యంతరం చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. ఎందుకో కూడా చెప్పాలి. అందుకని సమ్మతమంటూ అన్ని రెక్కలూ ఒక్కసారే లేచాయి. తీర్మానం ఏకగ్రీవం. ఎలాగూ ఆ కుర్రాడి వల్ల కాదులే అని చిత్రాంబరం గారి ధీమా.

గుండన్న ఇంటికెళ్లి సంగతి చెప్పాడు. అప్పటిదాకా పెళ్లి వద్దన్న నల్లమ్మ ఒక్కసారిగా లేచి నిలబడింది.

"ఏంటీ? మనవల్ల కాదనుకున్నారా? పేడ తియ్యడం మనవల్ల కాదనుకున్నారా!"

అంతే. వాడంతా కదిలింది. ముసలీ ముతకా కూడా వచ్చారు. ఏనుగు అడుగు తీసి అడుగు వేసేలోపు వెనక నేల శుభ్రం. పరాగిణి పైన ఎగురుతూ, "అటు, రేగుపొద కింద! ఇటు, బండ వెనక!" అని జాడ చెప్పింది. ఎండలో రెక్కల అంచులు చిరిగినా ఆపలేదు. మూడో రోజు నల్లమ్మ కొడుకు చెవిలో, "పిల్ల పనికొస్తుందిరా" అంది.

ఐదో రోజు పొద్దుగూకేలోపు తిప్పయ్య వచ్చి చూశాడు, తల ఆడించాడు, బొరియ మీద ముద్ర వేశాడు. చిత్రాంబరం గారు నమ్మకం చాలక తనే కొండ నుంచి వాగు దాకా వెతికారు. మద్దిచెట్టు మలుపులో ఎక్కువసేపు వెతికారు. ఏమీ దొరకలేదు.

"భేష్. నివేదిక పరిశీలనలో ఉంది. పది రోజుల్లో నిర్ణయం చెబుతాం" అన్నారు.

పరాగిణి పెళ్లి నీలాంబరంతో మూడు రోజుల్లో ఉంది. గుండన్న మూసేసిన బొరియ ముందు కూర్చుని నేల చూస్తూ ఉండిపోయాడు. ఐదు రోజుల చాకిరీకి రాని నీరసం ఆ ఒక్క మాటకి వచ్చింది.

మర్నాటికి మకరంద నగర్‌లో ఒకరిద్దరి రెక్కలు వాలాయి. ఆ మర్నాడు సంఘం సమావేశానికి సగంమంది నడిచి వచ్చారు. నీలాంబరం తన పదహారు చుక్కల్లో నాలుగింటి ముత్తాతల పేర్లు మరిచిపోయాడు. పైగా రేపు పెళ్లి, కానుకకి ఉప్పు లేదు.

ఆ మధ్యాహ్నం గుండన్న ముందుకి ఒక మోదుగాకు నడుచుకుంటూ వచ్చింది.

"నేను నీలాంబరాన్ని కాను" అంది ఆకు.

"సరేనండి."

"నా స్నేహితుడికి ఒంట్లో బాగాలేదు. లోపల ఉన్నదాంట్లో కొంచెం..."

ఇంతలో ఇంకో ఆకు వచ్చింది. దాని వెనక ఇంకో మూడు. మొదటి ఆకు కంగారుగా, "నేను తనిఖీకి వచ్చాను" అంది. "నేనూ తనిఖీకే" అంది రెండోది. చూస్తుండగా పదకొండు ఆకులు వరసలో నిలబడ్డాయి. చివరికి అన్నిటికంటే పెద్దది, ఒక టేకాకు, ఆయాసపడుతూ వచ్చి, వరస చూసి ఠక్కున ఆగిపోయింది.

"ఓహో, తనిఖీ సంఘమంతా ఇక్కడే ఉందన్నమాట!" అంది. గంభీరమైన ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు.

"మీ దయ, ఎంత కావాలంటే అంత తీసుకోండి బాబూ" అన్నాడు గుండన్న. "కానీ ముద్ర సంఘానిది. నేను ముట్టుకోకూడదు."

తిప్పయ్యను పిలిపించారు. "ముద్ర తీయాలంటే కారణం రాయాలండి" అన్నాడాయన.

"ప్రజా ప్రయోజనం అని రాయవయ్యా."

తిప్పయ్య తల ఆడించాడు. "రాస్తానండి. ఏ ప్రయోజనమో కూడా రాయాలండి."

పన్నెండు ఆకులూ ఒకేసారి పక్క ఆకు వైపు తిరిగాయి.

అప్పుడే స్వర్ణమ్మ, పరాగిణి వచ్చారు. వాళ్ల మీద ఏ ఆకూ లేదు.

"ఏమండీ" అంది స్వర్ణమ్మ టేకాకుతో. "మన పెళ్లిలో మీరిచ్చిన ఉప్పు మల్లెపువ్వులోంచి వచ్చిందనుకున్నానా? నాకు ముక్కు లేదా? ఇన్నాళ్ల కాపురంలో ఒక్కసారైనా అడిగానా?"

టేకాకు ఇంకాస్త కిందికి దిగింది.

"అడగకపోవడం మర్యాదే. దాన్ని ఎత్తిపోసే పిల్లాణ్ణి ఇలా వాకిట్లో కూర్చోబెట్టి ఏడిపించడం ఏం మర్యాదండీ?"

పరాగిణి తొండ వైపు తిరిగింది.

"తిప్పయ్యగారూ, పెళ్లికొడుకు ఇంటి నుంచి వచ్చే ఉప్పు ఎక్కడిదని అడగకూడదు కదా. మరి అది పెళ్లి కానుకైతే కారణం రాయాలా?"

తిప్పయ్య తన ఉద్యోగంలో మొదటిసారి తల అడ్డంగా ఊపాడు. "అక్కర్లేదండి."

వెంటనే మోదుగాకు కిందనుంచి ఒక కేక వచ్చింది.

"ఇచ్చేయండి సార్! అమ్మాయిని ఆ అబ్బాయికి ఇచ్చేయండి!"

"నీలాంబరం, రేపు పెళ్లికొడుకువి నువ్వయ్యా!" అన్నారు చిత్రాంబరం గారు.

"ముందు నా రెక్క లేవనివ్వండి, పెళ్లి సంగతి తర్వాత!"

మిగతా ఆకులు కూడా అందుకున్నాయి. "జంట చూడముచ్చటగా ఉంది." "నేను మొదటినుంచీ అదే అనుకుంటున్నా." "కుర్రాడు ఎంత కష్టజీవి!"

చిత్రాంబరం గారు ఆకు పక్కన పడేశారు. రెక్కలు నేలకి వాలిపోయి ఉన్నాయి. "నాకు సమ్మతమే" అన్నారు.

అంతా సుఖాంతం అనుకునేలోపు గుండన్న లేచి నిలబడ్డాడు.

"ఉప్పు కోసమైతే వద్దండీ. ఉప్పు ఊరికే పట్టుకెళ్లండి. పరాగిణిగారు నేనే కావాలని రమ్మంటేనే నేను వస్తాను."

"ఒరేయ్ వెర్రోడా!" అని నల్లమ్మ నెత్తి కొట్టుకుంది. "వాళ్లు ఒప్పుకుంటుంటే ఇప్పుడు నువ్వు మొదలెట్టావా!"

పరాగిణి వచ్చి అతని పక్కన మట్టిలో వాలింది. "ఐదు రోజులు ఎండలో నీ వెనకే తిరిగింది ఉప్పు కోసమనుకున్నావా? నీ కోసమే. రా" అంది. గుండన్న ఏడ్చాడు. నల్లమ్మ కూడా ఏడ్చింది, కానీ కంట్లో దుమ్ము పడిందని చెప్పింది.

పెళ్లి మర్నాడే అదే ముహూర్తానికి ఘనంగా జరిగింది. ఉప్పు కానుక ఎంత పెద్దదంటే పన్నెండుమంది పేడపురుగులు నెట్టాల్సి వచ్చింది. అతిథులు ఎవరైనా అడిగితే చిత్రాంబరం గారు, "మా అల్లుడు ఖనిజాల రంగంలో ఉన్నాడు" అనేవారు. పేడ తీర్మానం మాత్రం రద్దు కాలేదు. సంఘం తీర్మానం రద్దు చేస్తే పొరపాటు చేసినట్టవుతుంది. అందుకని ఒక్క సవరణ చేశారు. బంధువుల ఇంట్లో ఉన్న సరుకుకి అది వర్తించదు. సాయంత్రమయ్యేసరికి మకరంద నగర్ మొత్తం గుండన్నకి బంధువులైపోయింది. నీలాంబరమైతే మేనమామ వరస కలిపాడు.

కథకి నీతి లేకపోతే ఊరుకోనివాళ్ల కోసం: అంతస్తు అడ్డొచ్చినప్పుడు పెద్దవాళ్ల మనసు మారేదాకా ఆగకండి, వాళ్లకి ఏది లేకపోతే గడవదో చూసి దాని పక్కన కూర్చోండి.