కరపత్రానికి పసుపు

గురువారం పొద్దున్న లక్ష్మీదుర్గ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి బయల్దేరాలి, మూడు వందల కరపత్రాలు ఫహాహీల్ బజారులో పంచెయ్యాలి, పదకొండుకల్లా కఫేకి తిరిగొచ్చి గిన్నెలు తోముకోవాలి. ఆ కాగితాలు తనని ఎంతదూరం లాక్కెళ్తాయో ముందే తెలిస్తే వాటిని ముట్టుకునేదే కాదు.

కఫే తెరిచి నాలుగు నెలలైంది. నడిపే మనిషి నదీన్, చిన్నప్పుడే బీరూట్ నుంచి కువైట్ వచ్చేసిన లెబనీస్ ఆవిడ. ముప్పై ఏడేళ్లు. పెళ్లి చేసుకోలేదు, చేసుకునే ఆలోచనా లేదు. లైసెన్సూ పెట్టుబడీ మాత్రం కఫీల్, అంటే పూచీగా ఉండే స్థానిక యజమాని, అబూ నాసర్‌వి. ఆయన బుధవారం ఫోన్ చేసి రెండు ముక్కలు చెప్పాడు. "శుక్రవారం ఒంటిగంటకి వస్తాను. బల్లలు ఖాళీగా కనిపించాయా, ఖలాస్. తాళం."

తాళం పడితే నదీన్‌కి పోయేది ఒక వ్యాపారం. లక్ష్మీదుర్గకి పోయేది ఇఖామా, ఈ దేశంలో ఉండే అనుమతి. ఆమె కాగితాలన్నీ ఆ కఫే పేరు మీదే ఉన్నాయి. అవి రద్దయితే మర్నాడే కోనసీమకి విమానం. కూతురు కాకినాడలో నర్సింగ్ రెండో ఏడాది చదువుతోంది. ఇంకో రెండేళ్లు లక్ష్మీదుర్గ ఈ ఎడారిలో ఉండి తీరాలి.

అందుకే కరపత్రం మీద ఆమెకి నదీన్ కంటే ఎక్కువ శ్రద్ధ. దాన్ని తిప్పి తిప్పి చూసింది. ఒక అందగాడూ ఒక అందగత్తే ఆకుల గిన్నె ముందు పెట్టుకుని పగలబడి నవ్వుతున్నారు. కింద అరబిక్‌లో ఒక లైను. తినే పదార్థం పేరు ఎక్కడా లేదు.

"ఏమని రాశారు మదామ్?"

"ఈ శుక్రవారం మీరంతా మా అతిథులు, అని," అంది నదీన్ గర్వంగా. "పెద్ద ఏజెన్సీ చేసింది."

గల్లాపెట్టె పక్క కుర్చీలో కూర్చున్న నదీన్ తల్లి మూతి విరిచింది. పేరు సల్వా. మనవలు లేకపోయినా అందరూ ఆవిణ్ణి తేతా అనే పిలుస్తారు, నాయనమ్మ అని. "మా రోజుల్లో బీరూట్‌లో వాసనే ప్రకటన. వీధి చివరికి వాసన వెళ్తే జనం వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆకు చూసి నవ్వుతున్నారు. ఆ ఆకు అంత పెద్ద జోకేం వేసిందో!"

"అమ్మా, కాలం మారింది."

"మారింది. అప్పట్లో ఎవరింటికెళ్లినా కడుపు నిండేదాకా లేవనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఫొటో నిండితే చాలు."

కఫేలో హమ్మస్‌ని, ఆ రుబ్బిన శనగ ముద్దని, కాఫీ కప్పుల్లో, మూడు చెంచాలంత పెడతారని ఆవిడ దుఃఖం.

ఎనిమిదీ పదికి లక్ష్మీదుర్గ బస్టాండు దగ్గర నిలబడింది. మొదటి కాగితం తీసుకున్నవాడు దానితో కారు అద్దం తుడిచాడు. రెండోవాడు విసనకర్ర చేసుకున్నాడు. మూడోవాడు పారేశాడు. పది నిమిషాల్లో ఆమె కాళ్ల చుట్టూ ఆ అందగాడు పాతికసార్లు నవ్వుతూ పడి ఉన్నాడు.

ఇలా పంచితే శుక్రవారం ఈగ కూడా రాదు. అయినా చేతిలో కాగితం కుక్కితే ఎవరు వస్తారు? వాళ్ల ఊళ్లో కొత్త దుకాణం తెరిచినా ఇంటింటికీ వెళ్లి పిలుస్తారు. ఆరోజు వచ్చినవాళ్లకి భోజనం పెడతారు, బేరం మర్నాటి నుంచి. ఇక్కడా మదామ్ అతిథులనే రాయించింది కదా. అతిథుల్ని పిలిచే పద్ధతి తనకి పుట్టినప్పట్నుంచీ తెలుసు.

తొమ్మిదింటికి ఆమె తన గదికి వెళ్లి, పసుపు తడిపి, మిగిలిన కాగితాలన్నిటికీ నాలుగు మూలలా రాసింది. కుంకుమ భరిణె తీసుకుంది. మనవాళ్లు గదులు అద్దెకున్న బిల్డింగులు ఒక్కొక్కటే మెట్లెక్కింది.

మొదటి తలుపు చిట్టెమ్మది. ఇళ్లల్లో పనిచేస్తుంది, సొంతూరు అమలాపురం పక్క. లక్ష్మీదుర్గ ఆమెకి బొట్టు పెట్టి కాగితం చేతికిచ్చింది.

"మా మదామ్‌గారి తరఫున పిలుస్తున్నానమ్మా. రేపు మజ్జానం అందరూ భోజనానికి రావాలి. మీ గదిలో పొయ్యి వెలిగించకూడదు."

"అలాగే వదినా! ఏంటి విశేషం?"

"వచ్చాక నువ్వే సూద్దువుగాని. ఇంకా నలభై గదులున్నాయే తల్లీ!" అంటూ లక్ష్మీదుర్గ పై అంతస్తుకి పరిగెత్తింది.

చిట్టెమ్మ కాగితం చూసింది. మూలలకి పసుపు. మధ్యలో జంట. నవ్వుతున్న జంట. తన నుదుటి మీద ఇంకా తడి ఆరని బొట్టు. దీన్ని అర్థం చేసుకోవడానికి అరబిక్ రానక్కర్లేదు.

"ఓలమ్మో! దుర్గొదిన వాళ్ల మదామ్‌కి పెళ్లంట!"

అదే గదిలో ఉండే కడప ఆవిడ వెంటనే ఫొటో తీసి, వఫ్రా తోటల్లో పనిచేసే తన అన్న నరసింహులుకి పంపింది. తోటల్లోంచి అది అహ్మది కూలీల క్యాంపులకి వెళ్లింది. లక్ష్మీదుర్గ పదకొండింటికి వచ్చి గిన్నెల ముందు కూర్చునేసరికి, ఆమె మెట్లెక్కని బిల్డింగుల్లో కూడా జనం పట్టుచీరలు ఇస్త్రీ చేసుకుంటున్నారు.

శుక్రవారం, పన్నెండు గంటల పది నిమిషాలు. తలుపు తెరుచుకుంది. పదిమంది వచ్చారు. వెనకాల ఇరవైమంది. నదీన్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సరిగ్గా ఎనిమిది నిమిషాలు ఆమె ఈ లోకంలో అందరికంటే సుఖంగా ఉంది.

తొమ్మిదో నిమిషంలో చిట్టెమ్మ మెరుపు కాగితం చుట్టిన ప్రెషర్ కుక్కర్ ఆమె చేతుల్లో పెట్టింది. "మబ్రూక్ మదామ్!"

తెరిచిన నాలుగు నెలలకి అభినందనలేమిటా అనుకుంటూనే నదీన్ షుక్రాన్ చెప్పింది. ఆ తరవాత మూడు గోడ గడియారాలొచ్చాయి. ఒక స్టీలు బిందె వచ్చింది. మెనూ కార్డు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

పన్నెండూ ఇరవై అయిదుకి వఫ్రా నుంచి రెండు పికప్పులు వచ్చి ఆగాయి. నరసింహులు, వెంట పద్నాలుగుమంది, వెనకాల వంకాయలూ టమాటాలూ నిండిన పెట్టెలు.

"ఉత్త చేతుల్తో పెండ్లికెట్ల వస్తామక్కా? మా కఫీల్‌ని అడిగే తెచ్చినాం," అన్నాడు నరసింహులు. లోపల ఒకేసారి రెండు కప్పుల హమ్మస్ నోట్లో వేసుకుని చుట్టూ చూశాడు. "పచ్చడి బాగుండాది. అన్నం యాడ?"

పెళ్లి అన్న మాట లక్ష్మీదుర్గ చెవిలో పడింది. తను పసుపు రాసిన కాగితాలు గుర్తొచ్చాయి. అప్పటికే కప్పులన్నీ ఖాళీ. ఎనిమిది బల్లల కఫేలో నూట ఇరవైమంది. నదీన్ ఆమెని వంటింట్లోకి లాగింది.

"వీళ్లెవరూ ఆర్డర్ ఇవ్వట్లేదేం? డబ్బు ఎప్పుడిస్తారు?"

"అతిథులు కదా మదామ్. మీరే రాశారు."

"అది ప్రకటన!"

"నేను పిలిచేశానండి మరి."

నదీన్ తల పట్టుకుంది. బయటికెళ్లి అందరికీ ధరలు చెప్పేస్తానని కదిలింది. తేతా గుమ్మానికి అడ్డంగా చేతికర్ర పెట్టింది.

"ఇంట్లోకొచ్చి కూర్చున్న మనిషిని డబ్బు అడిగావంటే నేను నీ అమ్మనే కాను. దుర్గా! బుర్గుల్ బస్తా విప్పు!"

బుర్గుల్ అంటే ఉడికించి ఎండబెట్టిన గోధుమ రవ్వ. తేతా పల్లెలో అదే అన్నం. కొత్త మెనూలో మాత్రం దానికి చోటు దొరకలేదు. లక్ష్మీదుర్గ ఒక్క కేక వేసింది. పెళ్లింట్లో ఖాళీగా కూర్చోవడం తెలియని ఆడవాళ్లు కొంగులు దోపుకుని వంటింట్లోకి వచ్చేశారు. హమ్మస్‌కని నానబెట్టిన శనగలు కూరయ్యాయి. వఫ్రా వంకాయలు వేపుడయ్యాయి. పక్క బకాలా కొట్టు నుంచి ఆవాలూ కరివేపాకూ వచ్చాయి.

"చింతపండు లేదే వదినా!" అంది చిట్టెమ్మ.

తేతా ఒక నల్లసీసా అందించింది, దానిమ్మ పులుసు. బుర్గుల్ పులిహోర కలిపారు. తేతా గరిటెతో రుచి చూసి, మళ్లీ ముంచుకుంది. "మా అమ్మ ఇలాగే పుల్లగా వండేది. ముప్పై ఏళ్లయింది తిని," అంది.

లోపల చోటు చాలక గుమ్మం మీది ప్రకటన ఫ్లెక్సీని కాలిబాట మీద బోర్లా పరిచి మొదటి బంతి కూర్చోబెట్టారు. వడ్డన మొదలైంది. సరిగ్గా ఒంటిగంటకి తెల్లకారు ఆగింది. అబూ నాసర్ దిగాడు.

ఆయన ఖాళీ బల్లల కోసం వచ్చాడు. ఖాళీ కాలిబాట కూడా కనపడలేదు.

"ఏమిటిది?"

ఇళ్లల్లో నేర్చుకున్న అరబిక్‌లో చిట్టెమ్మ హుషారుగా చెప్పేసింది. "పెళ్లి బాబా! మదామ్ పెళ్లి!" అని పసుపు కాగితం ఆయన చేతిలో పెట్టింది.

అబూ నాసర్ జంటని చూశాడు, జనాన్ని చూశాడు.

"వఫ్రాలో కూలీలకి కూడా పిలుపు వెళ్లింది. నాకు చెప్పలేదా అమ్మాయ్? నేను పరాయివాణ్ణా?"

నదీన్ నోరు తెరిచింది. తేతా ఆమె కాలు తొక్కింది. "తొందరలో మరిచిపోయింది," అంది తేతా కళ్లు తుడుచుకుంటూ. ఆ కన్నీళ్లు నిజమైనవే. కూతురి పెళ్లి అనే మాట పదేళ్లుగా ఎవరి నోటా వినలేదు ఆవిడ.

"సరే. పెళ్లికొడుకు ఏడి?"

నూట ఇరవైమంది చేతుల్లో ముద్దలు ఆగిపోయాయి. నదీన్ లక్ష్మీదుర్గని చూసింది. లక్ష్మీదుర్గకి కాకినాడ కనపడింది, కూతురి తెల్ల యూనిఫాం కనపడింది. నోరు దానంతట అదే కదిలింది.

"వీసా రాలేదు బాబా."

"అయ్యో!" అంది బంతి బంతంతా.

ఇక ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడున్నవాళ్లలో ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు చెప్పనివాళ్లు లేరు. "మా తమ్మునిది గూడా ఏడు నెల్లాయె, రాల్యా," అన్నాడు నరసింహులు సానుభూతిగా.

అబూ నాసర్‌కి మాత్రం పౌరుషం వచ్చింది. "నేనుండగా వీసా రాకపోవడమేమిటి? అతని పాస్‌పోర్టు కాపీ నాకు పంపండి. పెళ్లయ్యేదాకా ఈ కఫే తలుపు మూసేది లేదు." ఆయన ఫ్లెక్సీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పులిహోర మారు అడిగాడు.

శనివారం నుంచి నదీన్‌కి నిద్ర లేదు. అబూ నాసర్ రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. పాస్‌పోర్టు కాపీ ఏదీ? నదీన్ గత్యంతరం లేక ఏజెన్సీకి ఫోన్ చేసి, కరపత్రం మీద ఉన్న మనిషెవరని అడిగింది.

"ఎవరో మాకూ తెలియదు. ఇంటర్నెట్లో కొన్న ఫొటో మేడమ్," అన్నారు వాళ్లు.

నిజం చెప్పేస్తానంది నదీన్. "చెపితే తాళం వేసేస్తారు మదామ్," అంది లక్ష్మీదుర్గ. ఇద్దరూ బుధవారం దాకా అలా తర్జనభర్జన పడ్డారు.

బుధవారం సాయంత్రం చిట్టెమ్మ బస్సులోంచి ఫోన్ చేసింది. గొంతు కీచుమంటోంది. "వదినా! తీరం రోడ్డు మీద పెద్ద బోర్డు! మీ పెళ్లికొడుకు! ఇంకో పెళ్లాం, ఇద్దరు పిల్లలు, చేతిలో కొత్తింటి తాళాలు! ఆకులు చూసి నవ్వినప్పుడే అనుకున్నాను, వెధవ!"

అది గృహరుణాల ప్రకటన. గంటలో ఆ ఫొటో ఫహాహీల్ నుంచి వఫ్రా దాకా చేరింది.

తరవాతి శుక్రవారం పన్నెండింటికి మళ్లీ అందరూ వచ్చారు. ఈసారి పట్టుచీరల్లేవు. ఒక్కొక్కరే నదీన్ చెయ్యి పట్టుకుని, తల ఊపి, మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నారు. చిట్టెమ్మ మెనూ కార్డు తెరిచింది.

"పెళ్లి జరగని ఇంట పెళ్లి భోజనం ఉత్తినే తిన్నాం. మాకు అరగలేదు. ఇవాళ కొనుక్కు తింటాం. వదినా, ఆ రవ్వ పులిహోర ఉందా?"

ఉంది. తేతా పొద్దున్నే కలిపించింది. గడియారాలు తీసుకెళ్లిపొమ్మని నదీన్ ఎంత బతిమాలినా ఎవరూ ముట్టుకోలేదు. ముందు ముందు పనికొస్తాయన్నారు. మూడున్నరదాకా ఒక బల్ల ఖాళీ అయితే ఒట్టు.

అబూ నాసర్ కూడా ఆ తీరం రోడ్డు మీదుగానే వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. "బాధపడకు అమ్మాయ్. అలాంటివాడికి వీసా రాకపోవడమే మంచిదైంది," అన్నాడు.

"అబూ నాసర్, అసలు నిజం ఏమిటంటే..."

తేతా మళ్లీ కాలు తొక్కింది.

"ఏమీ చెప్పొద్దు," అన్నాడాయన. కిటకిటలాడుతున్న బల్లలకేసి చూసి, పనివాళ్లందరి ఇఖామాలూ రెండేళ్లకి పొడిగించమని అక్కడికక్కడే మందూబ్‌కి, అంటే కాగితాల పనులు చూసే తన మనిషికి, ఫోన్ చేశాడు. లక్ష్మీదుర్గ గోడకి చేరగిలబడి కూతురికి ఫోన్ చేసింది. తిన్నావా అని మాత్రం అడిగింది.

పదిరోజుల్లో కొత్త కార్డు వచ్చింది. జనాన్ని పిలుచుకొచ్చిన మనిషికి ఏ ఉద్యోగం పేరు రాయాలో తెలియక మందూబ్ అందులో 'ప్రకటనల నిపుణురాలు' అని రాయించాడు. గిన్నెలు మాత్రం ఇప్పటికీ ఆమే తోముతోంది.