కిషన్ రావు గారికి ఆరో నెల

ప్రారంభోత్సవంలోగా పూర్తి కావలసిన పనులు ఇవి: పంటి డాక్టరు వ్యానుకు రిబ్బను కట్టాలి. ఫ్లెక్సీలో కిషన్ రావు సారు పళ్ళను ఇంకొంచెం తెల్లగా చేయించాలి. షామియానా, కుర్చీలు, శాలువాలు. వీలైతే ఒక గర్భిణిని ముందు వరుసలో కూర్చోబెట్టాలి.

అన్నీ సకాలంలో పూర్తయ్యాయి. ఆదివాసీ గర్భిణుల దంత సంరక్షణ పథకం ఆ విధంగా హనుమకొండ నుంచి ములుగు అడవి గూడేలకు చేరింది. వివరాలు యాప్‌లో ఎక్కించడం నా విధి.

ముందు వరుస గర్భిణి పేరు ఈసం సోమక్క. ఏడో నెల. దవడ పన్ను వాచి పన్నెండు రోజులుగా గంజి మీదే ఉంది. కడుపులో బిడ్డ ఎదగడం లేదని ఆశా కార్యకర్త రెండుసార్లు రాసి పంపింది.

"తల్లి పన్నే బిడ్డకు వెన్ను!" అని పథకం అధికారి కిషన్ రావు సారు గంటసేపు ప్రసంగించారు. వేదిక దిగగానే, పరికరాల పనితీరును స్వయంగా పరిశీలించదలచి, వ్యానులో కుర్చీ మీద వాలారు.

"జర గార తీయి డాక్టరమ్మా."

యాప్ ఒప్పుకోలేదు.

"సార్, ఎన్నో నెల అని అడుగుతాంది."

"ఎవలు?"

"యాప్ సార్. నెల వెయ్యకుంటే సేవ్ అయితలేదు."

"ఏదో ఒకటి కొట్టవయ్యా."

ఆరు కొట్టాను. వెనుక నుంచి తొంగిచూసిన తోటి అధికారి పాండురంగం సారు నొచ్చుకున్నారు. "ఆయనకు ఆరా? సర్వీసుల నేను సీనియర్ని. నాకు ఎనిమిది వెయ్యి."

వేశాను. వేదిక మీది పెద్దలు, వారి డ్రైవర్లు, షామియానా సాంబయ్య, అందరూ తమ తమ హోదాను బట్టి నెలలతో నమోదయ్యారు.

సాయంత్రానికి సోమక్క వంతు వచ్చింది. 'నేటి లక్ష్యం నలభై పూర్తి. అభినందనలు' అని యాప్ మూసుకుంది. ఆ పన్ను విషయంలో ఆలస్యం చేయకూడదన్నారు వ్యానులోని డాక్టర్ దీప. చేతి తొడుగులు మాత్రం ఒక్కటీ మిగల్లేదన్నారు.

"మల్లెప్పుడొస్తరు తమ్మీ?"

"మూడు నెలలకు, అక్కా."

"అప్పటికి నాకు కాన్పయితది గదా!"

"కాన్పయినోళ్లకు ఈ పథకం వర్తించదు."

సోమక్క కొంగుతో బుగ్గ అదుముకుని కిషన్ రావు సారు పొట్ట వంక చూసింది. "గా సారు ఏ దవాఖానల కంటడో జర అడుగు. నన్ను సుత గాడికే తోలుండ్రి."

అందరం నవ్వాం. అప్పుడే తోమించుకున్న పళ్ళు కదా, ఫొటోలో బ్రహ్మాండంగా పడ్డాయి. ఆ ఫొటోకే తర్వాత బహుమతి వచ్చింది.

మీరూ నవ్వే ఉంటారు. తప్పులేదు. ఒక్క మనవి: ఈ పూట మీరు రొట్టె ముక్క కొరికేటప్పుడు సోమక్కను గుర్తుంచుకోండి. ఇప్పుడామెకు గంజి కూడా దిగడం లేదు.