కెపు నడక

ఊళ్లో ఉన్న ఒక్క కొట్టూ కెపుదే. ఆ సోమవారం తాళంచెవి భార్య లోసె చేతికిచ్చి, రేవుదాకా నడవడానికి బయలుదేరాడు. మోకాలు వంగక చర్చిలో మోకరించలేకపోతున్నాడు. ఆపరేషన్ కావాలంటే నెలలో ఐదు కిలోలు తగ్గాలని నర్సు ఓఫా చెప్పింది. నూట నలభైలో ఐదంటే పెద్ద నష్టం కాదని అతని లెక్క.

వంద అడుగులు వేశాడో లేదో, పక్కింటి కుర్రాడు లిసియాతే బండి ఆగింది. వవావు దీవిలో నడిచేవాణ్ణి వదిలేసి ఎవరూ వెళ్లరు.

"ఎక్కు బాబాయ్. కారేమైంది?"

ఒళ్లు తగ్గించుకుంటున్నానంటే, తన కొట్లో అమ్మే మాంసం డబ్బాలకు తనే జడిసినట్టు ఉంటుంది. "రిపేరుకిచ్చా," అంటూ ఎక్కాడు కెపు.

రెండోవారానికి కారు అమ్ముకున్నాడన్నారు. మూడోవారానికి కొట్టు మునిగిందన్నారు. పాస్టరు ప్రార్థన చేయించాడు. ఊరంతా జాలిపడి, కెపు కొట్లో డబ్బాలన్నీ కొనేసింది. వాటినే చేమాకుల్లో చుట్టి, కొబ్బరిపాలలో ఉడికించి, సాయంత్రానికి అతని ఇంటికే మోసుకొచ్చింది. ఒక ముసలమ్మ అయితే తన పందినే కోసి కాల్చి తెచ్చింది. పెట్టినవాళ్లు గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చునేవారు. వద్దంటే వాళ్లను అవమానించినట్టే. అంత అమ్మకం కెపు ఏనాడూ చూడలేదు.

"అమ్మిన సరుకంతా నీ నడుముకే తిరిగొస్తోంది," అంది లోసె.

నెలాఖరున ఆసుపత్రి వరండాలో, అందరి ముందూ, ఓఫా తూకం చదివింది. నూట నలభై నాలుగు. ఇంకో రెండు నెలలు చూసి, తగ్గకపోతే ఆపరేషన్ జాబితాలో పేరు కొట్టేస్తానంది.

వరుసలో నిలబడ్డ లిసియాతే అడ్డుపడ్డాడు. "కారు కూడా లేనివాడమ్మా, కాస్త దయచూడు."

"కారు ఇంటెనకే ఉందిరా, టార్పాలిన్ కింద," అన్నాడు కెపు. "ఒళ్లు తగ్గాలని నడిచాను. మీరు నడవనిస్తేగా?"

"అయితే మా పంది సంగతేంటి?" అంది పంది తెచ్చిన ముసలమ్మ.

మర్నాటి నుంచి ఒక్క బండీ ఆగలేదు. ఒక్క గిన్నె కూడా రాలేదు. కోపంతో ఊరు చేపలతో, కందగడ్డలతో సరిపెట్టుకుంది గానీ కొట్టు గడప తొక్కలేదు. కెపు రేవుదాకా నడిచి వచ్చేవాడు. బేరాల్లేక మళ్లీ నడిచేవాడు.

రెండు నెలలకు నూట ముప్పై నాలుగుకు దిగాడు. ఆపరేషన్‌కు తేదీ ఖాయమైంది. ఓఫా రిజిస్టరు తిరగేసి, ఊళ్లో ప్రతివాళ్లూ రెండు మూడు కిలోలు తగ్గారని, ఎందుకో అంతుపట్టడం లేదని అంది.

కెపుకు అంతుపట్టింది. అందరికంటే ఎక్కువ చిక్కింది అతని కొట్టే.