తిట్ల మీద సర్వహక్కులు

మదనపల్లెలో సుదర్శన్ కట్టిన ఇల్లు లేదు, కొన్న కారు లేదు. చేసిన వీడియోగేమ్ మాత్రం ఒకటుంది. పుంగనూరు పొట్టి ఆవును ఇల్లు చేర్చడమే ఆట. ఆవు పక్కవాళ్ల టమోటా తోటలో పడితే ఫోన్లోంచి ఒక ఆడగొంతు కడిగిపారేస్తుంది. ఆ తిట్లు వినడానికే జనం కావాలని ఆవును తోటలోకి తోలుతున్నారు.

ఆ గొంతు అతని భార్య కీర్తనది. ఆమెకు తెలియకుండా వంటగదిలో ఫోను దాచి రికార్డు చేసుకున్నాడు.

ఇంతలో ఒక గేమ్ స్టోరు వాళ్లు కబురు చేశారు. అమ్మకంలో మామూలుగా వందకు ముప్పై కోసుకుంటారట. ఏడాదిపాటు ఆటను ఇంకెక్కడా పెట్టకుండా తమకే ఇస్తే పన్నెండు చాలన్నారు. నెలాఖరుకు కొత్త తిట్లు కావాలి, లేకుంటే బేరం రద్దు. సుదర్శన్ ఎగిరి గంతేసి సంతకం పెట్టాడు. ఆ ఇంట్లో తిట్లకు కరువెప్పుడొచ్చింది గనక!

ఆ సాయంత్రమే పక్కింటి పార్వతమ్మ ఫోన్లో కీర్తన తన గొంతు తానే విన్నది.

"నా తిట్లు అమ్ముకుంటాండావా?"

"వాళ్లకొకరికే ఇచ్చినా. ఏడాది దాకా ఇంకెవురికీ ఇయ్యకూడదని రాసుకున్నాం."

"ఇంకెవురికీ?"

"ఎవురికీ!" అన్నాడు గర్వంగా.

"సరేప్పా. అట్లయితే నీకూ లేదు," అని కీర్తన నోరు మూసుకుంది.

మొదట్లో స్వర్గమే. తడి తువ్వాలు మంచం మీద వేశాడు, తిట్టలేదు. పాలు పొంగించాడు, తిట్టలేదు. గేటు తీసిపెడితే వీధి ఆవు నిజంగానే లోపలికొచ్చి కరివేపాకు చెట్టు మేసింది. కీర్తన దానికి కుడితి పెట్టింది.

నెలాఖరు దగ్గరపడేసరికి సుదర్శన్‌కు గుబులు పట్టుకుంది. కుప్పం బస్సెక్కి, కీర్తనకు ఆ తిట్ల విద్య నేర్పిన ఆమె తల్లి బయ్యమ్మ ముందు ఫోను పెట్టాడు.

"నన్ను నాలుగు తిట్టత్తా!"

"అయ్యో, అల్లుణ్ణి తిట్టేదెట్లప్పా? కాళ్లు కడుక్కోని అన్నం తిను."

"అన్నం యాలత్తా? తిట్టు!"

"ఇంకొంచెం నెయ్యి ఏసుకో నాయనా."

ఫోన్లో నెయ్యి తప్ప ఇంకేమీ రికార్డు కాలేదు.

తిరిగొచ్చి భార్య ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కీర్తన అప్పుడు నోరు విప్పింది.

"స్టోరుకు పన్నెండు పోతే మిగిలేదెంత?"

"ఎనభై ఎనిమిది."

"అది నాది."

"మరి నాకు?"

"తిట్లుండాయి కదా. దాంట్లో నేను వాటా అడగనులే. నూటికి నూరూ నీవే."

సుదర్శన్ తల ఊపి, ఫోన్లో రికార్డింగు నొక్కి, పోయి ఇంకో తడి తువ్వాలు మంచం మీద వేశాడు.