తొక్కు జాడీ అదృశ్యం

"రాష్ట్రం ఒకటిగా ఉన్నా రెండైనా, నేరపరిశోధనకు తగిన మెదడు దానికి ఒక్కటే ఉంది. అది మీ వెనక వాటాలో కిరాయికుంటోంది, బాబాయిగారూ!" అని చక్రపాణి ప్రకటించాడు.

అరవైతొమ్మిది తెలంగాణ ఆందోళనలో ఆఫీసు మూతపడటంతో ఈ గుమాస్తా డిటెక్టివ్ అయ్యాడు. అడుగుల చప్పుడు వినపడకూడదని చెప్పులు చంకలో పెట్టుకుని వచ్చాడు.

ఇంటి యజమాని సీతారాములుకు అతని మీద నమ్మకం లేదు. వేరే దారీ లేదు. మామిడికాయ తొక్కు జాడీ పోయింది. "నువ్వే యాడనో పెట్టి మర్సిపోయినవ్. రేపట్నుంచి ఒక్కనివి గడప దాటద్దు. గీ లాఠీచార్జీలల్ల తప్పిపోతే ఎవరు ఎతుకుతరు?" అని భార్య అండాలమ్మ తేల్చేసింది.

పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ నుంచి సైదాబాద్ దాకా నడిచి, చాయ్ హోటల్లో దోస్తులతో వాదులాడి రావడం సీతారాములుకు ప్రాణం. దవాఖానలో డాక్టరూ అదే చెప్పాడు: ఉప్పు తగ్గించు, రోజూ నడువు, నలుగురితో మాట్లాడు, జ్ఞాపకం నిలుస్తుంది.

"నిన్న ఏం తిన్నారు?" అన్నాడు చక్రపాణి.

"పొద్దుగాల జొన్నరొట్టె, చింతచిగురు పప్పు. రాత్రి సప్పిడి కూర. మొన్నటిది గూడ చెప్పాల్నా?"

"అనుమానాస్పదం! ఇంత జ్ఞాపకశక్తి నేరస్థులకే ఉంటుంది."

"మర్సిపోతే పిచ్చోన్ని, యాదికుంటే దొంగనా?"

చక్రపాణి నేల మీద పాకి, ఒక ఎర్ర చుక్కను వేలితో తీసి నాకాడు. "రక్తం!"

"కుంకుమ. నాకకు," అంది అండాలమ్మ.

"ఇది దొంగతనం కాదు పిన్నిగారూ, కుట్ర! పోలీసుల కళ్ళల్లో కొట్టడానికి కుర్రాళ్ళు కారం పోగేస్తున్నారు."

"పక్కన్నే మిర్చి దుకాణముంటే నా తొక్కెందుకయ్యా?"

"నేరస్థుడి మనసులోకి ప్రవేశిస్తున్నాను," అని చక్రపాణి కళ్ళు మూసుకుని నడిచాడు. మంచం కోడు తగిలి బొంతల మూట మీద బోర్లా పడ్డాడు. మూట విడిపోయింది. జాడీ దొర్లుకుంటూ వచ్చి సీతారాములు కాళ్ళ దగ్గర ఆగింది. దాని మూతికి కట్టిన గుడ్డ అండాలమ్మ పాత రవికది.

అండాలమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో! డాక్టరు ఉప్పు వద్దన్న దినం నేనే దాచిన. యాదికే లేదు."

"నేను ముందే ఊహించాను," అన్నాడు చక్రపాణి బొంతల్లోంచి.

"గిప్పుడు చెప్పు. ఎవరు గడప దాటద్దు?" అన్నాడు సీతారాములు.

అండాలమ్మ జాడీని కొంగుతో తుడిచింది. "చాల్లే. పొద్దుగాల నడకకు నన్ను గూడ లేపు."

గడప దగ్గర చక్రపాణి కేక పెట్టాడు. "నా చెప్పులు మాయం! మరో ఘోరం!"

సీతారాములు అతని చంక వైపు చూశాడు.

"ఏమే, ఈయనను గూడ లేపాలె."