దొరసాని పిన్ను

ఆదివారం పొద్దున సూపరింటెండెంటు సత్తిరాజు గారికి ఉగ్గాని, బజ్జీ పెట్టాలి. ఆయన భార్యకు బొట్టు పెట్టి ఓ కానుక ఇవ్వాలి. టెంపరరీ ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవాలి. గుమాస్తా రామలింగప్ప పథకం ఇంతే. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఊళ్లో సగం మంది గుమాస్తాల పథకం కూడా ఇదే.

కానుక మాత్రం కొత్తది. బళ్లారిలో ఓ దొరసాని ఇంగ్లండుకు పోతూ అమ్ముకున్న సామాన్లలో దొరికిన పాత పిన్ను: బంగారు పూత, ఎర్రరాళ్లు, వంకర తోక, పొడుగు మీసాలు.

"ఏమయ్యా, తేలు మాదిరి ఉండాది!" అంది భార్య హనుమమ్మ.

"రొయ్యే అది. సముద్రంలో ఉంటాదంట. సూపరింటెండెంటు గారోళ్లది కాకినాడ గదా, ఆయమ్మ చూస్తే పుట్టింటికి పోయినట్టుంటాది."

దంపతులు వచ్చారు. కొత్త రాజధానిలో ఇల్లు దొరక్క సర్కారు గుడారంలో కాపురం మొదలైనప్పటి నుంచి సత్తిరాజు గారికి కలలో కూడా తేళ్లే. ఆయన తిని, పెరట్లో చేయి కడుక్కొని వచ్చేసరికి హనుమమ్మ బొట్టు పెట్టి, ఆయన భార్య మహలక్ష్మమ్మ గారి భుజాన పిన్ను తగిలించింది.

"తేలు! కదలకు!"

సత్తిరాజు గారి చెప్పు ఆవిడ భుజం మీద టపీమంది. దెబ్బకు పిన్ను ఊడి, కొన చర్మంలో దిగి, పైట మడతల్లోకి జారింది. ఆవిడ కెవ్వుమంది.

"కుట్టేసింది! ఏవయ్యా, తేలేనా?" అని సత్తిరాజు గారు రామలింగప్ప వైపు తిరిగారు.

నిజం రామలింగప్ప నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తమరు నగను చూసి పెళ్లాన్ని చెప్పుతో కొట్టారని సూపరింటెండెంటుకు టెంపరరీ గుమాస్తా ఎట్లా చెబుతాడు?

"తేలే సార్. శానా పెద్దది."

కేక విని, తేలుకాటుకు మంత్రం వేసే పెద్ద ఈరన్న వేపమండతో పరుగెత్తుకొచ్చి ఆవిడ నెత్తీ వీపూ వాయించసాగాడు.

"తేలు కాదండీ, రొయ్య!" అని ఆవిడ మొత్తుకుంది.

"అయ్యో, విషం తలకెక్కిందయ్యా! కర్నూల్లో రొయ్యంటోంది!" సత్తిరాజు గారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"బాగా ఎక్కిందప్పా. ఇంగో మండ తీస్కరాండి," అన్నాడు ఈరన్న.

ఈరన్న చేతిలో మండను ఆవిడే లాక్కొని అవతల పారేసింది. పైటలోంచి పిన్ను తీసి మొగుడి అరచేతిలో పెట్టింది.

"పుట్టినప్పట్నుంచీ తింటున్నారు గదా. మొహం మర్చిపోయారా?"

సత్తిరాజు గారు చాలాసేపు రొయ్యను చూశారు. తర్వాత రామలింగప్పను చూశారు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"మరి తేలన్నావేం?"

"తమరన్నారు గదా సార్."

వారం తిరక్కుండా పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఇంత విధేయుడు, ఇంత చూసినవాడు, అదే ఆఫీసులో ఉంటే సత్తిరాజు గారికి నిద్ర పట్టదు. అందుకని పోస్టింగు భీమునిపట్నంలో వేశారు.

అక్కడ దిగిన రోజే రామలింగప్ప సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసి, తాగేదానికి గుక్కెడు నీళ్లు లేని ఊరికి తోలినారని అన్నకు కార్డు రాశాడు.